పాలకేంద్రంలో వెన్న, ఫోన్లో పేజీ

రండర్రా, ఆ చాప ఇటు లాక్కుని కూర్చోండి. బుజ్జమ్మ ఒక మంచి ప్రశ్న వేసింది. "తాతయ్యా, ఫోన్లో నెలకింతని చందా కట్టి ఎన్ని కథలైనా చదువుకోమంటున్నారుగా, మరి ఆ కథలు రాసినవాళ్ళకి డబ్బులెలా ఇస్తారు?" అని. ఎంత చక్కటి ప్రశ్న! ఇందులో బోలెడు లెక్కలున్నాయి, కొంచెం సైన్సుంది, మనుషుల బుద్ధులూ ఉన్నాయి.

ముందు పాతకాలం సంగతి చెప్తాను. మన కృష్ణా జిల్లాకి పుస్తకాల చందా కొత్తేమీ కాదు. మచిలీపట్నంలో పుట్టిన ఎమెస్కో వాళ్ళు ఇంటింటా సొంత గ్రంథాలయం అని ఒక పథకం పెట్టారు. చందా కడితే పుస్తకాలు పోస్టులో ఇంటికే వచ్చేవి. యద్దనపూడి సులోచనారాణి గారి నవలలంటే అప్పట్లో ఆడవాళ్ళకి ప్రాణం. ఆవిడది మన జిల్లాలోని కాజ గ్రామమే. అలా అచ్చేసిన పుస్తకానికి రచయితకి ధరలో ఇంత శాతమని రాయల్టీ ఇచ్చేవారు. ప్రతి అమ్మితేనే పైసలు. అయితే ఊరూరా అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి కదా, అక్కడ కొట్టువాడు నవల ఒక్కసారి కొని, అట్ట చిరిగి పేజీలు నలిగేదాకా ఊరంతటికీ అద్దెకి తిప్పేవాడు. వందమంది చదివినా రచయితకి ముట్టేది ఒక్క ప్రతి మీద రాయల్టీయే. ఈ అన్యాయాన్ని కొన్ని దేశాలు ముందే పసిగట్టాయి. డెన్మార్కు 1946లోనే గ్రంథాలయాల్లో పుస్తకాలున్న రచయితలకి ప్రభుత్వమే డబ్బిచ్చే పద్ధతి తెచ్చింది. బ్రిటన్ 1979లో చట్టం చేసింది. అక్కడ లైబ్రరీ నుంచి పుస్తకం ఇంటికి తీసుకెళ్ళిన లెక్కని బట్టి రచయిత ఖాతాలో కొన్ని పెన్నీలు పడతాయి. నాకు ఆ ఏర్పాటు ఎంత నచ్చిందో చెప్పలేను.

ఇప్పుడు ఫోను దగ్గరికొద్దాం. మన హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్ళలో పొద్దున్నే పాలకేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడతారు చూశారా? అందరి పాలూ ఒకే పెద్ద క్యానులో కలిసిపోతాయి. వీరవల్లిలో కృష్ణా మిల్క్ యూనియన్ ప్లాంటు దాకా వెళ్ళాక ఏ చుక్క ఏ గేదెదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అయినా ఎవరి బిల్లు వాళ్ళకి వస్తుంది. ఎలా? పోసేటప్పుడే కొలిచి రాసుకుంటారు గనక. చందా కథల యాప్‌లో జరిగేదీ ఇదే. మీరంతా కట్టిన డబ్బు ఒకచోట కలుస్తుంది. కంపెనీ తన ఖర్చూ లాభమూ తీసుకుని మిగిలింది రచయితలకి పంచుతుంది. కథంతా ఆ కొలతలోనే ఉంది.

కొలత అంటే గుర్తొచ్చింది. పూర్వం పాలకి లీటర్ల లెక్కనే డబ్బిచ్చేవారు. అప్పుడేమవుతుంది? బిందెలో నీళ్ళు కలుస్తాయి! అందుకే వెన్న శాతం చూడ్డం మొదలైంది. 1891లో స్విట్జర్లాండులో నిక్లౌస్ గెర్బర్ అనే ఆయన ఒక ముచ్చటైన పద్ధతి కనిపెట్టాడు. సన్నటి మెడ ఉన్న గాజు గొట్టంలో పాలు, గంధకామ్లం, కాస్త అమైల్ ఆల్కహాలు పోసి గిరగిరా తిప్పుతారు. ఆమ్లం పాలలోని మాంసకృత్తుల్ని కరిగించేస్తుంది. కొవ్వు తేలిక కాబట్టి విడిపోయి మెడలోకి చేరుతుంది. మెడ మీద గీతలు చూసి ఇంత శాతమని చదివేయడమే. ఈ లెక్క వచ్చాక నీళ్ళు పోస్తే లాభం లేదని రైతు గేదెకి పత్తిగింజలు పెట్టడం మొదలెట్టాడు. దేన్ని కొలిచి డబ్బిస్తామో మనిషి దాన్నే పెంచుతాడన్నమాట.

పుస్తకాల్లోనూ అచ్చం అదే జరిగింది. అమెజాన్ వాళ్ళ కిండిల్ అన్‌లిమిటెడ్ అనే పుస్తకాల చందా 2014లో అమెరికాలో మొదలై, మరుసటేడు మన దేశానికొచ్చింది. మొదట్లో నియమం ఏమిటంటే, పాఠకుడు పుస్తకంలో పదో వంతు దాటితే చాలు, రచయితకి ఒక పుస్తకం కింద డబ్బు. ముప్ఫై పేజీల చిన్న పుస్తకానికి మూడు పేజీలు తిప్పితే వచ్చేసేది. ఆరువందల పేజీల నవలకి అరవై పేజీలు చదివించాలి, అయినా అదే డబ్బు. మరి పెద్ద నవల ఎవరు రాస్తారు? ఒక్క కథనే ముక్కలు చేసి పది పుస్తకాలుగా పెట్టేవాళ్ళు తయారయ్యారు. అందుకని 2015 జులైలో చదివిన ప్రతి పేజీకి ఇంతని మార్చారు. రేటు నెలనెలా మారుతుంది, పేజీకి అర సెంటు కూడా పడదు.

ఇక్కడ ఒక చిక్కుంది. నాలాంటి ముసలాళ్ళం అక్షరాలు పెద్దవి చేసుకుంటాం, పేజీలు పెరిగిపోతాయి. మీకు చిన్నక్షరాలు చాలు, పేజీలు తగ్గిపోతాయి. అందుకే కంపెనీ తన దగ్గర ఒక ప్రామాణిక పేజీ పెట్టుకుని, ప్రతి పుస్తకాన్నీ ఆ లెక్కకి మారుస్తుంది. ఎంత ఆలోచించారో చూడండి! అయినా మాయగాళ్ళు ఊరుకోలేదు. పుస్తకం మొదట్లోనే "ఇక్కడ నొక్కండి" అని లింకు పెట్టి పాఠకుణ్ణి చివరికి దూకించారు. యంత్రం మధ్య పేజీలన్నీ చదివేశాడనుకుని లెక్క కట్టేసింది. చివరికి 2016లో ఒక్క పుస్తకానికి, ఒక్క పాఠకుడి మీద మూడువేల పేజీలకి మించి లెక్కించబోమని గీత గీశారు.

మీడియం అనే వెబ్‌సైటులో ఇంకో దారి. 2017లో పాఠకులు కొట్టే చప్పట్లని బట్టి పంచారు. చప్పట్లు ఊరికే కొట్టొచ్చుగా! రెండేళ్ళకే చదివిన సమయానికి మారారు. 2023 నుంచి అర నిమిషమైనా చదివితేనే లెక్క, దానికి చప్పట్లూ జవాబులూ కూడా కలుపుతారు. మన పాలకేంద్రంలో వెన్నతోపాటు ఎస్.ఎన్.ఎఫ్., అంటే పాలలో వెన్న కాని ఘనపదార్థాలు, కూడా చూసినట్టు.

ఇప్పుడు నా మనసుకి బాగా పట్టిన ముడి చెప్తాను, జాగ్రత్తగా వినండి. బుజ్జమ్మ వందా నేను వందా కట్టాం. కంపెనీ ఎనభై ఉంచుకుంది, నూటఇరవై మిగిలింది. బుజ్జమ్మ నెలలో ఇరవై తొమ్మిది గంటలు ఒక డిటెక్టివ్ సీరియల్ చదివింది. నేను ఒక కవి రాసింది ఒక్క గంట చదివాను. మొత్తం గంటల మీద పంచితే సీరియల్ రచయితకి నూటపదహారు, నా కవికి నాలుగే నాలుగు రూపాయలు! నా చందాలో ఎక్కువ భాగం నేను పేరైనా వినని సీరియల్‌కి వెళ్ళింది. అలా కాకుండా ఎవరి చందా వాళ్ళు చదివినవాళ్ళకే పంచితే చెరో అరవై వస్తుంది. పాటల యాప్‌లలోనూ ఈ గొడవే ఉంది. స్పాటిఫై మొదటి పద్ధతిలో పంచుతుంది, సౌండ్‌క్లౌడ్ 2021లో రెండో పద్ధతి తెచ్చింది. నాకైతే రెండోదే న్యాయం.

ఇవేవీ వద్దని, ఖాతాదారు ఇంటికే వాడికగా పాలు పోసినట్టు నేరుగా పాఠకుడికే రాసేవాళ్ళున్నారు. 2017లో మొదలైన సబ్‌స్టాక్ అలాంటిదే. చందాలో పదో వంతు, పైన బ్యాంకు రుసుములు పోగా మిగిలింది రచయితదే. కానీ పాఠకుల్ని తనే వెతుక్కోవాలి.

మరి తెలుగు సంగతి? 2016లో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు తెలుగుకి చోటివ్వలేదు. ఇంతమంది మాట్లాడే భాషని వదిలేశారని నాకు ఇప్పటికీ బాధే. అయితే 2010లోనే కినిగె అనే వెబ్‌సైటు మన భాషలో ఈ-పుస్తకాలు అమ్మడమే కాదు, అద్దెకీ ఇచ్చింది. పాత అద్దె కొట్టుకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ అద్దెలోనూ రచయితకి వాటా ఉంది. 2014లో బెంగుళూరులో పుట్టిన ప్రతిలిపి యాప్‌లో తెలుగువాళ్ళు కోకొల్లలుగా రాస్తున్నారు. అక్కడ పాఠకులు కాయిన్లు కొని స్టిక్కర్లు ఇవ్వొచ్చు. నచ్చిన రచయితకి సూపర్‌ఫ్యాన్‌గా విడిగా చందా కడితే కొత్త భాగం ముందుగానే చదువుకోవచ్చు. చాలామంది గృహిణులు పనులన్నీ అయ్యాక ఫోన్లోనే టైపు చేసి రాస్తారు. వాళ్ళ రాతకి నాలుగు రూపాయలు వస్తున్నాయంటే నాకు మహా సంతోషం.

కాబట్టి బుజ్జమ్మా, ఏ యాప్‌కి చందా కట్టినా ముందు వాళ్ళు దేన్ని కొలిచి పంచుతున్నారో చదువు. నచ్చిన కథని మధ్యలో వదలకుండా చివరిదాకా చదువు. నీకు బాగా ఇష్టమైన తెలుగు రచయిత ఎవరైనా ఉంటే, వీలైనప్పుడు నేరుగా వాళ్ళకే చందా కట్టమ్మా.