మెదడు వైద్యం గుమ్మం దగ్గరే మొదలు: బస్తర్‌లో సెరిబ్రల్ మలేరియా

బస్తర్ అడవుల్లో వానలతోపాటే జ్వరాల కాలం మొదలవుతుంది. నిన్నటి దాకా ఆడుకున్న పిల్లవాడు చలిజ్వరంతో పడుకుంటాడు. రెండో రోజుకో మూడో రోజుకో ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత తల్లి పిలిచినా పలకడు, గిల్లినా సరిగా కదలడు. ఊరి నుంచి రోడ్డు దాకా మోసుకెళ్లాలి, పొంగే వాగు దాటాలి, ఆపైన జగ్దల్‌పూర్‌లోని పెద్దాసుపత్రి చేరాలి. ఆ గంటల్లో పిల్లవాడి మెదడులో ఏం జరుగుతోంది? దాన్ని ఆపడానికి ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు? నాలుగు దశాబ్దాలకు పైగా సాగిన పరిశోధనలు ఈ ప్రశ్నలకు ఇచ్చిన జవాబు కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. ఈ జబ్బులో మెదడును కాపాడిన మందు మెదడు కోసం తయారైనది కాదు.

పరాన్నజీవి మెదడులోకి వెళ్లదు

మలేరియా కలిగించే పరాన్నజీవుల్లో అతి ప్రమాదకరమైనది ప్లాస్మోడియం ఫాల్సిపేరం. బస్తర్ మలేరియాలో ఎక్కువ భాగం దీనిదే. దోమకాటుతో శరీరంలోకి చేరిన ఈ జీవి ముందు కాలేయంలో, తర్వాత ఎర్ర రక్తకణాల్లో పెరుగుతుంది. ఒక్కో కణంలో దాని బతుకు సుమారు 48 గంటలు. అందులో రెండో సగంలో అది కణం పైపొర మీద జిగురు లాంటి ప్రొటీన్లను నిలబెడుతుంది. వాటి సాయంతో ఆ కణం రక్తనాళం లోపలి గోడకు అతుక్కుంటుంది. ఇది పరాన్నజీవి తనను తాను కాపాడుకునే ఎత్తు. రక్తంతోపాటు కొట్టుకుపోతే ప్లీహం దాన్ని పట్టి నాశనం చేస్తుంది. గోడకు అతుక్కుంటే ప్లీహం దాకా వెళ్లే పనే లేదు.

ఇక్కడ కొలతలు ముఖ్యం. ఎర్ర రక్తకణం వెడల్పు 7 నుంచి 8 మైక్రాన్లు. మెదడులోని అతి సన్నని నాళాల వెడల్పు 5 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణం మెత్తగా ముడుచుకుని ఆ ఇరుకు దారిలోంచి జారిపోతుంది. పరాన్నజీవి ఉన్న కణం బిరుసెక్కుతుంది, పైగా అతుక్కుంటుంది. దాని వెనుక వచ్చే మంచి కణాలూ ఆగిపోతాయి. ఆక్సిజన్, గ్లూకోజ్ సరఫరా తగ్గుతుంది. నాళాల గోడలు దెబ్బతిని నీరు బయటికి ఊరుతుంది, మెదడు వాస్తుంది. పుర్రె సాగదు కాబట్టి వాపుకు చోటుండదు, లోపలి ఒత్తిడి పెరుగుతుంది.

పక్షవాతంలో సాధారణంగా ఒక నాళం మూసుకుపోయి, అది నీరందించే మడి లాంటి మెదడు భాగం ఎండిపోతుంది. సెరిబ్రల్ మలేరియాలో వేలాది సన్నని కాలువలు ఒకేసారి సగం సగం పూడుకుపోతాయి. అయితే పరాన్నజీవి నాళాల్లోనే ఉంటుంది, మెదడు కణజాలంలోకి చొరబడదు. అందుకే సమయానికి దారులు తెరుచుకుంటే, గాఢమైన కోమాలో ఉన్న పిల్లలు కూడా రెండు మూడు రోజుల్లో లేచి కూర్చోవడం వైద్యులు చూస్తుంటారు. చికిత్స అందకపోతే మాత్రం ఈ జబ్బు దాదాపు ఎప్పుడూ ప్రాణం తీస్తుంది.

ఎంఆర్‌ఐ చూపించినది

ఆఫ్రికాలోని మలావీ దేశం, బ్లాంటైర్ ఆసుపత్రిలో 168 మంది పిల్లల మెదడును ఎంఆర్‌ఐతో పరిశీలించిన అధ్యయనం 2015లో వెలువడింది. వారిలో 25 మంది చనిపోయారు. చనిపోయినవారిలో 21 మందికి ఆసుపత్రిలో చేరినప్పుడే తీవ్రమైన మెదడు వాపు ఉంది. బతికినవారిలో అంతటి వాపు నాలుగింట ఒక వంతు మందిలోనే కనిపించింది, అదీ త్వరగానే తగ్గింది. వాచిన మెదడు కిందికి నొక్కుకుని, శ్వాసను నడిపే మెదడుకాండం మీద ఒత్తిడి పడటమే పిల్లల మరణాలకు ముఖ్య కారణమని పరిశోధకులు భావించారు.

పెద్దల సంగతి వేరు. బస్తర్‌లాగే అడవులూ గనులూ ఉన్న ఒడిశాలో, రూర్కెలాలోని ఇస్పాత్ జనరల్ ఆసుపత్రి ఈ జబ్బుపై ప్రపంచం గుర్తించిన పరిశోధన కేంద్రాల్లో ఒకటి. అక్కడ పిల్లలనూ పెద్దలనూ కలిపి ఎంఆర్‌ఐతో పరిశీలించారు. పెద్దల్లో మరణానికి దారితీసినది వాపు కన్నా ఎక్కువగా మెదడంతటా ఆక్సిజన్ అందకపోవడమని ఆ ఫలితాలు సూచించాయి. జబ్బు పేరు ఒకటే అయినా, వయసును బట్టి మెదడు దెబ్బతినే దారి మారుతోంది.

మెదడు మందులు ఓడిన చోట

వాపు ఉంటే వాపు తగ్గించే మందు ఇవ్వాలనుకోవడం సహజం. అలాగే ఇచ్చారు. 1982లో థాయిలాండ్‌లో 100 మంది రోగులపై డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పరీక్షించారు. మరణాలు తగ్గలేదు, సరికదా బతికినవారు కోమాలో ఇంకా ఎక్కువసేపు ఉండిపోయారు. తలకు గాయమైనవారిలో మెదడు నుంచి నీటిని లాగడానికి వాడే మానిటాల్‌ను రూర్కెలా వైద్యులు పెద్దవారిలో పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. అదీ మేలు చేయలేదు, కోమా కాలాన్ని పెంచింది. ఈ రెండింటినీ సెరిబ్రల్ మలేరియాలో వాడకూడదన్నది ఇప్పుడు స్థిరపడిన మాట.

గెలిచినది పరాన్నజీవిని వేగంగా చంపే మందు, ఆర్టెసునేట్ ఇంజెక్షన్. చైనా శాస్త్రవేత్త తు యుయు మాచిపత్రి జాతి మొక్క నుంచి వేరు చేసిన ఆర్టెమిసినిన్ దీనికి మూలం. ఆ కృషికి ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. భారత్, బంగ్లాదేశ్, మయన్మార్, ఇండోనేషియాల్లో తీవ్ర మలేరియా ఉన్న 1,461 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. పాత మందు క్వినైన్ తీసుకున్నవారిలో 22 శాతం మంది చనిపోతే, ఆర్టెసునేట్ తీసుకున్నవారిలో 15 శాతం మంది చనిపోయారు. 2010లో వెలువడిన అధ్యయనంలో, 5,425 మంది ఆఫ్రికా పిల్లల్లోనూ ఇదే మొగ్గు కనిపించింది. క్వినైన్ చాలావరకు ఎదిగిన పరాన్నజీవి మీదే పనిచేస్తుంది. ఆర్టెసునేట్ లేత దశలోనే, అంటే కణం గోడకు అతుక్కోకముందే దాన్ని చంపుతుంది.

ఐసీయూ పాత్ర తక్కువేమీ కాదు. ఫిట్స్‌ను అదుపు చేయడం, పడిపోయే గ్లూకోజ్‌ను గంటగంటకూ చూసుకోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా సెలైన్‌ను కొలిచి ఇవ్వడం, శ్వాస తడబడితే వెంటిలేటర్ పెట్టడం ప్రాణాలు నిలుపుతాయి. కానీ అతుక్కుపోయిన కణాలను విడిపించే మందు ఏ ఐసీయూలోనూ లేదు. అవి అతుక్కోకముందే ఆపాలి.

రక్తంలో ఉన్నదంతా కారణం కాదు

బస్తర్ లాంటి చోట ఇంకో చిక్కుంది. తరచూ మలేరియా సోకే ప్రాంతాల్లో చాలామంది రక్తంలో పరాన్నజీవి ఉన్నా జ్వరం రాదు. అలాంటి పిల్లవాడు మెదడువాపుతోనో మెనింజైటిస్‌తోనో కోమాలోకి వెళ్తే, రక్తపరీక్షలో మలేరియా కనిపిస్తుంది, అసలు జబ్బు మరుగున పడుతుంది. మలావీలో సెరిబ్రల్ మలేరియాతో చనిపోయారనుకున్న 31 మంది పిల్లలకు శవపరీక్ష చేస్తే, ఏడుగురి మరణానికి వేరే కారణాలు బయటపడ్డాయి. 2004లో వెలువడిన ఆ అధ్యయనం ఒక దారీ చూపింది. కంటి వెనుక ఉండే రెటీనాలో రక్తస్రావపు మచ్చలు, పాలిపోయిన నాళాలు కనిపిస్తే అది నిజమైన సెరిబ్రల్ మలేరియా అయ్యే అవకాశం చాలా ఎక్కువ. శరీరాన్ని కోయకుండా మెదడు నాళాల తీరు తెలుసుకోగల కిటికీ కన్ను.

బస్తర్ చేసిన పని

లక్షణాలు లేకుండా పరాన్నజీవిని మోస్తున్నవారి నుంచే దోమలు దాన్ని తీసుకుని ఇతరులకు అందిస్తాయి. పరాన్నజీవి దోమలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఆ తర్కాన్నే పట్టుకుంది. జ్వరం వచ్చినవారి కోసం ఆసుపత్రిలో ఎదురుచూడకుండా ఆరోగ్య సిబ్బంది, మితానిన్లు ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్ష చేశారు. మితానిన్లంటే 2002 నుంచి అక్కడ పల్లెల్లో పనిచేస్తున్న మహిళా ఆరోగ్య కార్యకర్తలు. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం, పావుగంటలో ఫలితం. పాజిటివ్ వస్తే మొదటి మోతాదు కళ్లముందే మింగించారు.

మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షిస్తే 64,646 మందికి మలేరియా బయటపడింది. అంటే 4.6 శాతం. వారిలో సగానికి పైగా మందికి ఏ లక్షణమూ లేదు. అదే ఏడాది వానాకాలంలో జరిగిన రెండో విడతలో 23 లక్షలకు పైగా మందిని పరీక్షిస్తే సుమారు 30 వేల మందికి తేలింది. కాలం, ప్రాంతాల విస్తృతి వేరు కాబట్టి రెండు విడతలనూ నేరుగా పోల్చకూడదు. కానీ ఒక్క సంగతి స్పష్టం. ఆసుపత్రి గుమ్మం తొక్కనివారిలోనే వ్యాధి నిల్వ ఉంది.

గుమ్మం దగ్గరి పరీక్ష ఒక్కటే చాలదని కూడా పరిశోధన హెచ్చరిస్తోంది. నోటితో మందు మింగలేని పిల్లలకు మలద్వారం ద్వారా ఆర్టెసునేట్ ఇచ్చి ఆసుపత్రికి పంపే పద్ధతి, ఇంజెక్షన్ అందడానికి ఆరు గంటలకు పైగా పట్టినవారిలో మరణం, శాశ్వత వైకల్యం ముప్పును సగానికి తగ్గించిందని 2009 నాటి అధ్యయనం చూపింది. తర్వాత కాంగో, నైజీరియా, ఉగాండాల్లో రోజువారీ పరిస్థితుల్లో చూస్తే ఆ మేలు కనిపించలేదు. చాలామంది పిల్లలు ఆసుపత్రి దాకా చేరకపోవడం, చేరినా పూర్తి చికిత్స అందకపోవడం అందుకు ముఖ్య కారణాలు. గొలుసులో ఒక్క కడియం తెగినా ఫలితం ఉండదు.

బతికి బయటపడటంతో కథ ముగియదు. ఉగాండాలో ఈ జబ్బు నుంచి కోలుకున్న పిల్లలను రెండేళ్ల తర్వాత పరీక్షిస్తే, నలుగురిలో ఒకరికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటి వాటిలో లోపాలు కనిపించాయి. బడిలో వెనకబడిన పిల్లవాడి వెనుక ఎప్పుడో వచ్చిన ఓ జ్వరం ఉండవచ్చు.

బస్తర్‌ను ఆనుకునే తెలంగాణలోని చర్ల, దుమ్ముగూడెం, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు ఉన్నాయి. దోమకు సరిహద్దు రాయి అడ్డం కాదు. ఈ ప్రాంతాల్లో జ్వరం వస్తే 24 గంటల్లోపు రక్తపరీక్ష చేయించాలి. మలేరియా అని తేలితే జ్వరం తగ్గినా మందుల కోర్సు పూర్తి చేయాలి. మగత, ఫిట్స్, నీళ్లు కూడా తాగలేకపోవడం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా ఇంజెక్షన్ దొరికే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లవాడి మెదడును కాపాడే సమయం ఐసీయూ తలుపు దగ్గర కాదు, జ్వరం వచ్చిన రోజే మొదలవుతుంది.