స్టీరింగ్‌లో ప్లే: 30 డిగ్రీలా, 30 మిల్లీమీటర్లా?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 98వది స్టీరింగ్ గురించి చెబుతుంది. స్టీరింగ్ చక్రంలో వదులు 30 డిగ్రీలు దాటకూడదన్నది అందులో మొదటి షరతు. చక్రం కదిపినా ముందు టైర్లు కదలని ఆ వదులునే మెకానిక్‌లు ‘ప్లే’ అంటారు. 370 మి.మీ. వ్యాసం ఉన్న స్టీరింగ్ మీద 30 డిగ్రీలంటే అంచు దగ్గర దాదాపు 97 మి.మీ. కార్ల వర్క్‌షాప్ మాన్యువళ్లలో సాధారణంగా కనిపించే హద్దు మాత్రం 30 మి.మీ., అంటే 9 డిగ్రీలకు కాస్త ఎక్కువ. చట్టం గీసింది లారీలు, బస్సులతో సహా అన్ని వాహనాలకూ ఆఖరి గీత. ఆ గీత దాకా ఆగడం కారున్నవారికి మంచిది కాదు.

80 కి.మీ. వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదె అడ్డొచ్చినప్పుడు చేతులు ఆ వదులును దాటడానికి పావు సెకను తీసుకున్నా, టైరు తిరగకముందే కారు అయిదున్నర మీటర్లు ముందుకెళ్లిపోతుంది.

ప్లే కొలవడం ఇంట్లోనే చేసుకోవచ్చు. టైర్లు తిన్నగా ఉంచి, పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆన్ చేసి, చక్రం అంచున చిన్న టేపు ముక్క అంటించండి. రెండు వేళ్లతో అటూ ఇటూ మెల్లగా కదుపుతూ, టైరు కదలబోయే చోటు వరకు టేపు ఎంత జరిగిందో స్కేలుతో చూడండి.

ఇంత వదులు ఎక్కడి నుంచి వస్తుంది? స్టీరింగ్‌ను 16 డిగ్రీలు తిప్పితే టైరు 1 డిగ్రీ తిరిగే కారు తీసుకుందాం. స్టీరింగ్ ర్యాక్ నుంచి వచ్చే కడ్డీ చివర ఉండే బాల్ జాయింటే టై రాడ్ ఎండ్. అది టైరును తిప్పే చేయి పొడవు 130 మి.మీ. అనుకుందాం. ఆ ఎండ్‌లోని బాల్ 1 మి.మీ. అరిగితే టైరు దగ్గర తేడా 0.44 డిగ్రీ. అదే స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి 7 డిగ్రీలు, అంచున 23 మి.మీ.! ఒక్క మిల్లీమీటరు అరుగుదల ఆ వైపు టైరు విషయంలో మాన్యువల్ హద్దులో నాలుగింట మూడొంతులు తినేస్తుంది. రెండో వైపు టైరు సరిగ్గానే స్పందిస్తుంది కాబట్టి చేతికి తేడా అంతగా తెలియదు. అందుకే చేతిని ఒక్కదాన్నే నమ్మొద్దంటాను.

98వ నిబంధనలోనే మరో రెండు షరతులున్నాయి. బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలి, బోల్టులూ పిన్నులూ ఊడిపోకుండా లాక్ అయి ఉండాలి. నా దృష్టిలో 30 డిగ్రీల కంటే విలువైనది మెకానిక్‌లు ‘బూటు’ అనే ఈ తొడుగు మాట. బూటు చిరిగితే గ్రీజు బయటికి, వాన నీళ్లూ ఇసుకా లోపలికి. ఆపై బాల్ అరగడానికి ఎంతో కాలం పట్టదు. ప్రతి 10,000 కి.మీ. సర్వీసుకూ బూటును వేలితో తడిమి చూడమని మెకానిక్‌ను అడగండి. చిన్న కారు టై రాడ్ ఎండ్ ధర వందల్లో ఉంటే, మొత్తం స్టీరింగ్ ర్యాక్ మార్చే ఖర్చు వేలల్లో ఉంటుంది.

బాల్ అరిగిందో లేదో తేల్చాలంటే ముందు వైపు టైరును జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాలి. గడియారంలో 9, 3 ఉండే చోట్ల పట్టుకుని ఊపినప్పుడు వదులు కనిపిస్తే టై రాడ్ ఎండ్‌నో లోపలి ర్యాక్ ఎండ్‌నో అనుమానించాలి. 12, 6 దగ్గర ఊగితే కింది బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ కారణం. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు ఆ ఊపు పోతే బేరింగే.

టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు పాతది ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కిస్తారు. బండిని అలైన్‌మెంట్ షాపు దాకా తీసుకెళ్లడానికి అది చాలు, అంతకుమించి కాదు. మర పిచ్ 1.5 మి.మీ. అయితే ఒక్క చుట్టు తేడాకు టైరు 0.66 డిగ్రీ పక్కకు తిరుగుతుంది. 380 మి.మీ. రిమ్ మీద అది 4 మి.మీ. పైమాటే. ఆ తేడాను రెండు ముందు టైర్లూ చెరిసగం పంచుకున్నా, ఒక్కోటి కిలోమీటరుకు దాదాపు 6 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతుంది. వెయ్యి కిలోమీటర్లకు 6 కిలోమీటర్లు! కొత్త టైర్లు కొద్ది నెలల్లోనే ఒక అంచున నున్నగా అరిగిపోవడానికి ఇలాంటి తేడాలే కారణం.

కొత్త ఎండ్‌ను పట్టి ఉంచే ఆరు గాట్ల నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం ఎదురు పడకపోతే నట్టును వెనక్కి వదులు చేయకూడదు. తర్వాతి గాటు దాకా బిగించాలి, ఎంత దూరమున్నా అది 60 డిగ్రీల లోపే దొరుకుతుంది. పాత పిన్నును వంచి మళ్లీ వాడొద్దు. కొన్ని కార్లలో పిన్ను లేకుండా నైలాన్ లాక్ నట్టు వస్తుంది, దాన్నీ కొత్తదే వేయించాలి.

పని పూర్తయ్యాక బిల్లు కట్టేముందు కారు కిందికి ఒకసారి వంగి చూడండి. కొత్త పిన్ను కాళ్లు విడదీసి వంచారా, బూటు చిరగకుండా ఉందా, అలైన్‌మెంట్ కొలతల కాగితంలో ముందు టైర్ల టో (లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) హద్దుల్లో ఉందా అన్నది చూసుకున్నాకే తాళాలు తీసుకోండి.