సాళువవంశ మూలము

తమ వంశము ప్రాచీనమైనదని చెప్పుకొనుట మనదేశమువారికే కాక సర్వదేశములవారికిని ప్రీతికరమైన విషయము. ఇటలీదేశమున, రోమునగరమునందు, మాస్సిమోవారను ప్రభుకుటుంబ మొకటి కలదు. క్రీస్తుకు పూర్వము హానిబాలు నెదిరించిన ఫేబియసు మాక్సిమసు సంతతివారమని వారు చెప్పుకొందురు. ఇది నిజమేనా యని నెపోలియను ఆ వంశీయు నొకనిని అడిగెనట. నిరూపింపజాలను గాని, వేయేండ్లకు పైగా మా యింట ఈ మాట చెప్పుకొనుచున్నారని ఆయన బదులు చెప్పెనట. ఆ యుత్తరమున చమత్కారమును కలదు, నిజాయితీయు కలదు. మన రాజవంశములలో చంద్రుని మొదలుకొని వంశము చెప్పనివారు సూర్యుని మొదలుకొని చెప్పుదురు. నిరూపింపజాలమను మాట మాత్రము మన వంశావళులలో కానరాదు.

ఈ సంగతిని మన యిరుగుపొరుగుననే యున్న యొక వంశమును బట్టి విచారింతము. తిరుపతికి సమీపమున నున్న చంద్రగిరి దుర్గమును ఎఱుగనివారు మనలో అరుదు. 2022 వరకు చిత్తూరుజిల్లాలో నుండి, ఇపుడు తిరుపతిజిల్లాలో చేరిన ఈ యూరికి పోయి రాజమహలును చూచువారు వేలకొలది కలరు. ఇచ్చటినుండి బయలుదేరి విజయనగర సింహాసనము నధిష్ఠించిన సాళువవారిని తలచువారు మాత్రము మిక్కిలి కొలదిమంది. ఆ సాళువవారు ఎవరు? ఎచ్చటినుండి వచ్చిరి?

కవులు చెప్పిన కథ మొదట వినదగినది. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తన జైమినిభారతమును సాళువ నరసింహునకు అంకిత మొసగెను. రాజనాథ డిండిముడు సంస్కృతమున సాళువాభ్యుదయమును రచించెను. వీరి గ్రంథములను బట్టి ఈ వంశము చంద్రునినుండి పుట్టినది. కన్నడదేశమందలి కల్యాణపురముతో సంబంధము గలది. గుండరాజు కుమారుడు మంగు. అతని సంతతిలో గౌతముడును, రెండవ గుండరాజును గడచిన పిమ్మట నరసింహుడు పుట్టెను. సాళువమనగా వేటకై పెంచెడి డేగ. మంగు దక్షిణదేశపు సుల్తానుపై డేగవలె పడినందున ఆ బిరుదు కలిగెనని ఒక వాడుక.

ఇక శిలలు చెప్పునది చూతము. తిరుమలలో ఆనందనిలయ విమానమునకు బంగారు కలశము నెత్తించినవాడు సాళువ మంగిదేవ మహారాజని 1359వ సంవత్సరపు శాసనము చెప్పుచున్నది. కుమార కంపనరాయలు మధుర సుల్తానును జయించినదో, 1370 ప్రాంతమున. అనగా ఆ విజయమునకు పదేండ్లకు పూర్వమే మంగు సాళువుడై యున్నాడు. అంతియే కాదు. దేవగిరి యాదవ ప్రభువైన రామచంద్రుని సేనాని, 1276 ప్రాంతమున హొయసలులపై దండెత్తిన వీరుడు, సాళువ తిక్కమదేవుడు. ఆయన మంగునకు పూర్వుడని చెప్పుటకు వీలులేకున్నను, ఈ బిరుదు మంగునకు ఎనుబదియేండ్ల పూర్వమే పడమటి సేనానులలో నుండెననుట స్పష్టము. కావున బిరుదును గూర్చిన కథ పిమ్మట పుట్టినదనియు, కల్యాణపు మాటలో మాత్రము కొంత సత్యము కలదనియు మా యభిప్రాయము. చంద్రుని మాట యటుంచి, చంద్రగిరి ప్రభువులు పడమటినుండి కత్తిచేతబట్టి వచ్చిన సేనానుల సంతతివారని తలచుట యుక్తము.

ఇంతమాత్రమున కవుల మాటలన్నియు కల్లలని త్రోసివేయుట న్యాయము కాదు. మంగు పాల్గొనెనని వారు చెప్పిన దక్షిణ దండయాత్ర నిజముగా జరిగినది. తురుష్క దండయాత్రల కాలమున శ్రీరంగమునుండి తరలింపబడి తిరుమలకొండపై తలదాచుకొనిన రంగనాథుని విగ్రహమును, గోపనార్యుడు చెంజి మీదుగా కొనిపోయి 1371లో మరల శ్రీరంగమున ప్రతిష్ఠించెను. ఆ సంగతి శ్రీరంగమున శిలపై చెక్కబడి యున్నది. కవి చెప్పినదానిని శాసనముతో సరిచూచుకొనిననే చరిత్ర తేలును. ఏ యొక్కదానిని విడిచినను కొఱత కలుగును.

సాళువ నరసింహుడు 1456 నాటికి చంద్రగిరి రాజ్యమును వహించి యుండెను. తిరుమల సంపంగి ప్రదక్షిణమున నాలుగు మూలల నున్న చిన్న మండపములు 1470 ప్రాంతమున ఆయన కట్టించినవి. తన పేరను, భార్య పేరను, ఇద్దరు కుమారుల పేరను వానిని నిలిపెను. రామానుజకూటములను స్థాపించి, కందాడై రామానుజయ్యంగారిచే యాత్రికులకు అన్నము పెట్టించెను. తాళ్లపాక అన్నమాచార్యులను ఆదరించినవాడును ఈయనయే. స్వామిని కీర్తించినట్లు తన్నును కీర్తింపుమని రాజు కోరగా ఆయన నిరాకరించి సంకెలలు ధరించెనని ఆచార్యుని మనుమడు చిన్నన్న వ్రాసియున్నాడు. వంశమును పొగడించుకొనుటకు రాజునకు కవులు కొదువ లేకుండిరి. పొగడనన్న కవి ఒక్కడు కనబడినపుడు అది సహింపరాని దయ్యెను.

1485లో నరసింహుడు విజయనగర సింహాసన మెక్కెను; 1491లో పరమపదించెను. బాలురైన కుమారులను తుళువ నరసనాయకుని చేతిలో నుంచి పోయెను. పెద్దవాడు హతుడయ్యెను. చిన్నవాడు ఇమ్మడి నరసింహుడు పేరునకు రాజై, 1505లో పెనుగొండయందు చంపబడెను. చంద్రునినుండి లెక్కించిన వంశము సింహాసనముపై నిలిచినది ఇరువది యేండ్లు! నేడు మనకు మిగిలినది ఆ చంద్రవంశపు పట్టిక కాదు. కలశమును గూర్చిన శాసనమును, నాలుగు మండపములును, యాత్రికునకు పెట్టిన అన్నమును గూర్చిన వ్రాతయును.

పాఠకులకు మేము విన్నవించున దొకటి కలదు. వంశగౌరవము ఎంత పైకి ప్రాకినదను దానిలో లేదు. ఏమి చేసినదను దానిలో కలదు. చేసినది తెలియవలెనన్న వ్రాత నిలువవలెను. కర్నలు మెకంజీ ఊరూర కైఫీయతులు వ్రాయించినపుడు ఆ పనిని నడిపినవారు మనవారైన కావలి సోదరులు. అది విదేశీయుని పూనికవలన జరిగినదనుట మనకు సిగ్గుచేటు. 1948 చట్టముచే జమీందారీలు పోయినవి. 1984లో కరిణీకములును పోయినవి. వానితోపాటు సనదులకును, రాగిరేకులకును, కవిలెకట్టలకును వెలపోయినదని తలచి, అటకలమీద చెదలకు విడిచినవారు మన మండలమున ఎందఱో కలరు. వానికి నేడు కోర్టులో వెల లేకపోవచ్చును గాని చరిత్రలో మాత్రము మునుపటికన్న ఎక్కువ వెల కలదు. పొలమునకు సాక్ష్యముగా దాచినది నేడు జాతికి సాక్ష్యము కాగలదు.

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమువారి ప్రాచ్యపరిశోధనాలయము తాళపత్రములను భద్రపఱచుచున్నది. మూలము నిచ్చుటకు ఇష్టములేనివారు ప్రతిని వ్రాయించి యిచ్చిన చాలును. ఆ వ్రాతలలో మన పెద్దల గొప్పతన మున్నట్లే, తగవులును, అప్పులును, ఓటములును ఉండవచ్చును. దానికి జంకనక్కఱలేదు. చంద్రునివఱకు పోవు వంశావళికన్న, చెఱువుగట్టు వేయించిన తాతపేరు గల ఒక్క చినిగిన కాగితము మేలని మేము నమ్ముచున్నాము.