తీగ చెప్పిందే వేదం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ స్టేషన్లో ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఏది అంటే ఖరగ్‌పూర్ అని ఒక తరం పిల్లలంతా జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీ పట్టారు. తర్వాత గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. అయినా శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో చుట్టాలొస్తే అక్కడి రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లోని తెలుగువాళ్లు చూపించడానికి ఆ ప్లాట్‌ఫారం ఉండనే ఉంది. అంతకన్నా చెప్పుకోదగ్గ యంత్రం ఒకటి అదే స్టేషన్లో ఉంది గానీ, చూపిద్దామన్నా అది కనపడదు.

2017 నవంబరులో ఖరగ్‌పూర్‌కు కొత్త ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. 800 రూట్లతో ఆసియాలోనే పెద్దదని రైల్వే ప్రకటించింది. రూటంటే ఇక్కడ ఊరికీ ఊరికీ మధ్య దారి కాదు. ఒక సిగ్నల్ దాటిన బండి యార్డులో ఏ పాయింట్ల (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే కదిలే పట్టాల) మీదుగా ఏ లైన్లోకి చేరవచ్చో, అలాంటి ఒక్కొక్క దారీ ఒక రూటు. హౌరా, టాటానగర్, మిడ్నాపూర్, బాలాసోర్ వైపుల నుంచి బండ్లొచ్చి కలిసే చోట అవి వందల్లో ఉంటాయి. ఒక రూటు వేశారంటే దానికి అడ్డొచ్చేవన్నీ మూసుకుపోవాలి. పాయింట్లు సరిగ్గా కూర్చుని తాళం పడాలి. ముందున్న లైను ఖాళీగా ఉండాలి. ఇవన్నీ కుదిరితేనే ఆకుపచ్చ దీపం. ఈ లెక్క చూసే కంప్యూటర్ తాళం వేసిన గదిలో ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతున్నవాడికి అదొకటుందన్న సంగతే తెలియదు.

అలా తెలియకపోవడమే గొప్ప అని వాదించిన మనిషి మార్క్ వైజర్. కాలిఫోర్నియాలో జిరాక్స్ వారి పరిశోధనశాలలో పనిచేసేవాడు. కంప్యూటర్ బల్ల మీద నుంచి దిగి గోడల్లో, వస్తువుల్లో కలిసిపోవాలనీ, మనిషి దాన్ని తలుచుకోకుండానే వాడుకోవాలనీ 1988 నుంచి చెబుతూ వచ్చాడు. 1991లో దాని మీద పేరుమోసిన వ్యాసం రాశాడు. 1999లో చనిపోయాడు. ఆయన ఊహించింది ఆఫీసు గదులను, బోర్డులను, అరచేతిలో పట్టే పలకలను. రైల్వే సిగ్నలింగ్ ఏ ఆర్భాటమూ లేకుండా ఆ దారిలోనే చాలా దూరం వెళ్లింది.

ఇంటర్‌లాకింగ్ పుట్టింది మాత్రం ఇనుములోనే. 1856లో ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ దానికి పేటెంటు తీసుకున్నాడు. ఒక లీవరు లాగితే, దానితో పొసగని లీవరు కదలకుండా కడ్డీలు అడ్డం పడతాయి. కేబిన్లో లీవర్‌మన్ భుజబలంతో లాగేవాడు. పాయింటు మధ్యలో కంకరరాయి ఇరుక్కుంటే లీవరు పూర్తిగా వచ్చేది కాదు. దూరాన పట్టాల దగ్గర ఏదో తేడా ఉందని ముందుగా తెలిసేది ఆ భుజానికే.

తర్వాత రిలేల కాలం. రిలే అంటే విద్యుత్ అయస్కాంతం పైకి లాగిపట్టే చిన్న మీట. కరెంటు పోతే మీట తన బరువుతో తనే కిందపడుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. భూమ్యాకర్షణను కాపలా పెట్టుకున్న ఈ ఆలోచన కంటే అందమైనది సిగ్నలింగ్ మొత్తంలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఖరగ్‌పూర్‌లో 2017 దాకా పనిచేసింది ఇలాంటి రిలేల వ్యవస్థే. దానికి 423 రూట్లుండేవి.

కంప్యూటర్‌కు ఆ భూమ్యాకర్షణ ధీమా లేదు. రిలే చెడితే దాదాపు ఎప్పుడూ ఒకవైపే, కిందికే పడుతుంది. ట్రాన్సిస్టర్ చెడితే ఆరిపోయి ఉండిపోవచ్చు, వెలిగి ఉండిపోవచ్చు. అందుకని 1985లో ఇంగ్లండులోని లెమింగ్టన్ స్పా స్టేషన్లో ఆ దేశపు మొదటి కంప్యూటర్ ఇంటర్‌లాకింగ్ పెట్టినప్పుడు ఒకే లెక్కను మూడు ప్రాసెసర్లతో చేయించారు. ఇద్దరి జవాబు కలిసి మూడోవాడిది తేడాగా వస్తే మూడోవాడిని పక్కన పెట్టేస్తారు. ఇద్దరే మిగిలి వాళ్లకూ పొసగకపోతే అంతా ఎర్రదీపమే. ఈ పద్ధతిలో కంప్యూటర్ తన లెక్క తాను తప్పడమన్నది చాలా చాలా అరుదు.

కానీ కంప్యూటర్ యార్డును కళ్లతో చూడదు. పాయింటు ఎటు తిరిగి ఉందో దానికి చెప్పేది ఒక తీగ. ఆ తీగ పట్టాల పక్కన బూడిదరంగు ఇనుప పెట్టెలోకి, అంటే లొకేషన్ బాక్సులోకి వచ్చి, ఒక టెర్మినల్ మీద స్క్రూతో బిగుసుకుని, అక్కడి నుంచి రిలే గదికి పోతుంది. తీగ అబద్ధం చెబితే మూడు ప్రాసెసర్లూ ఏకగ్రీవంగా ఆ అబద్ధాన్నే నమ్ముతాయి.

2023 జూన్ 2 సాయంత్రం ఖరగ్‌పూర్ డివిజన్లోనే, ఒడిశాలోని బహానగా బజార్ స్టేషన్ దగ్గర జరిగింది ఇదే. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు విశాఖకు, రాజమండ్రికి, విజయవాడకు వెళ్లే ఇంటిబండి. ఆ బండికి మెయిన్ లైనులో పొమ్మని ఆకుపచ్చ వచ్చింది. పాయింటు మాత్రం పక్కనున్న లూపు లైనుకు తిరిగి ఉంది. గంటకు దాదాపు 128 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, లూపులో ఆగి ఉన్న ముడి ఇనుము గూడ్సును ఢీకొట్టింది. పట్టాలు తప్పిన పెట్టెలు పక్క లైనులో వెళ్తున్న బెంగళూరు-హౌరా బండి చివరి పెట్టెలకు తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు.

అక్కడున్నదీ ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగే. రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక కారణాన్ని కంప్యూటర్ బయట చూపించింది. అంతకు కొన్నేళ్ల ముందు సిగ్నల్ గుమటీలో, అంటే పట్టాల పక్కనుండే చిన్న సిగ్నల్ గదిలో, సర్క్యూట్ మార్చారు. ఆ మార్పుకు తగ్గట్టు తీగల గుర్తులు మారలేదు. ప్రమాదం జరిగిన రోజు 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ దగ్గర ఎలక్ట్రిక్ బారియర్ మార్చే పని జరిగింది. ఆ స్టేషనుకంటూ ఆమోదించిన సర్క్యూట్ పటం పనివాళ్లకు అందలేదు. అంతకుముందు ఏడాది 2022 మే 16న ఇదే డివిజన్లో బాంక్రానయాబాజ్ దగ్గర కూడా తప్పు వైరింగు వల్ల, కేబుల్ లోపం వల్ల సిగ్నల్ ఒక దారి చూపితే పాయింటు ఇంకో దారికి తిరిగి ఉంది. అప్పుడే సరిదిద్దుకుని ఉంటే ఈ ప్రమాదం తప్పేదని నివేదిక రాసింది.

యంత్రాలు సర్వత్రా వ్యాపించిన సమాజం గురించి మాట్లాడేటప్పుడు గోప్యత, హ్యాకింగ్ వంటి పెద్ద మాటలే ముందు దొర్లుతాయి. అవీ నిజమైన భయాలే. ఖరగ్‌పూర్ డివిజన్ చూపిస్తున్నది మాత్రం ఇంకా మామూలు సంగతి. యంత్రం కనుమరుగైనప్పుడు దాన్ని బాగుచేసే మనిషి కూడా కనుమరుగవుతాడు. ఫిట్టరు, ఖలాసీ, సిగ్నల్ మెయింటెయినర్ లాంటి పేర్లతోనే న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నింపురా క్వార్టర్లు నిండాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఆ పనుల కోసమే ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. స్క్రూడ్రైవర్ పట్టుకుని లొకేషన్ బాక్సు ముందు గొంతుక్కూర్చున్న మనిషికి సరైన కాగితం, చాలినంత సమయం ఇవ్వడం ఏ స్మార్ట్ పథకంలోనూ పెద్ద అంశంగా కనిపించదు. పని మొదలుపెట్టే ముందు స్టేషన్ మాస్టరుకు డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి, ముగిశాక పరీక్షలన్నీ చేసి రీకనెక్షన్ మెమో ఇవ్వాలి. ఆ పరీక్షలు జరుగుతున్నంతసేపూ బండ్లు నిలబడి ఉంటాయి, కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోన్లు మోగుతుంటాయి.

బహానగా ప్రమాదం తర్వాత అందరి నోటా వినపడింది కవచ్ అనే రైలు రక్షణ వ్యవస్థ. దానికి పుట్టిల్లు మన దగ్గరే. హైదరాబాద్ కంపెనీలు మేధా, కెర్నెక్స్, హెచ్‌బీఎల్ దాన్ని తయారుచేశాయి. లింగంపల్లి-వికారాబాద్-వాడి మార్గంలో పరీక్షించారు. 2016లో ప్రయాణికుల బండ్ల మీద ప్రయోగించారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజనులో కూర్చుని చూశారు. పట్టాల మధ్య పరిచిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులను ఇంజను చదువుకుంటూ పోతుంది, స్టేషన్‌తో రేడియోలో మాట్లాడుతుంది, డ్రైవరు ఎర్రదీపం దాటబోతే తనే బ్రేకు వేస్తుంది. బహానగా మీదుగా వెళ్లే ఆ లైనుకు అప్పటికి కవచ్ లేదు. ఉన్నా ఆ రోజు ఏం చేసేదన్నది వేరే ప్రశ్న. సిగ్నల్ ఆకుపచ్చో ఎరుపో కవచ్‌కు చెప్పేది ఆ ఇంటర్‌లాకింగే. డ్రైవరు చేసే తప్పును అది పట్టుకుంటుంది. తీగ చెప్పిన అబద్ధాన్ని పట్టుకోవడం దాని పని కాదు.

ఆ జూన్‌లోనే రైల్వే బోర్డు దేశమంతటా తనిఖీలకు ఆదేశించింది. రిలే గదులకు, గుమటీలకు రెండు తాళాలుండాలి, ఒకటి స్టేషన్ మాస్టరు దగ్గర, ఒకటి సిగ్నల్ శాఖ దగ్గర. తలుపు తెరిచినా మూసినా డేటా లాగర్‌లో నమోదు కావాలి, అధికారి ఫోనుకు ఎస్సెమ్మెస్ వెళ్లాలి. అంటే కంప్యూటర్ గది తలుపుకే ఇంకో కంప్యూటర్‌ను కాపలా పెట్టారన్నమాట. తలుపు ఎన్ని గంటలకు తెరుచుకుందో అది ఠంచనుగా చెబుతుంది. లోపల ఎవరు ఏ టెర్మినల్ నుంచి ఏ తీగ విప్పారో, దాన్ని మళ్లీ ఎక్కడ బిగించారో మాత్రం ఇప్పటికీ రిజిస్టరులో ఒకరు చేత్తో రాయాలి, ఇంకొకరు చదివి సరిచూడాలి.