నల్లా మీటర్ రీడింగ్: మనిషి చూస్తే మేలా, మెషిన్ పంపితే మేలా?

హైదరాబాద్‌లో గృహ కనెక్షన్లకు నెలకు 20 వేల లీటర్ల వరకు నల్లా నీళ్లు ఉచితం. 2021 జనవరిలో మొదలైన ఈ పథకానికి ఒక షరతుంది. స్లమ్ బస్తీల కనెక్షన్లు తప్ప మిగతా ఇళ్లలో పనిచేసే మీటర్ ఉండాలి, క్యాన్ నంబర్‌కు ఆధార్ లింక్ అయి ఉండాలి. అంటే ఉచితం అన్నది కూడా చివరికి మీటర్ చెప్పే అంకె మీదే నిలబడి ఉంది.

20 వేల లీటర్లంటే రోజుకు సుమారు 666 లీటర్లు. ఐదుగురున్న ఇంట్లో తలకు 133 వస్తాయి. డ్రైనేజీ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్న కేంద్ర ప్రమాణానికి ఇది దగ్గరే. కానీ పాతబస్తీలో అన్నదమ్ముల కుటుంబాలు ఒకే నల్లా మీద బతికే ఇళ్లు ఎన్నో. పది మంది ఉంటే తలకు 66 లీటర్లే. అలాంటి ఇంటికి మీటర్ కొంచెం ఎక్కువ తిరిగినా బిల్లు పడుతుంది.

అందుకే 'స్మార్ట్ మీటర్' మాట వినపడగానే జనంలో ఆశా ఉంటుంది, భయమూ ఉంటుంది. ఇక్కడ ఒక విషయం విడదీసి చూడాలి. నీటిని కొలవడం ఒక పని, ఆ అంకెను ఆఫీసుకు చేర్చడం ఇంకో పని. స్మార్ట్ అని పేరు పెట్టినంత మాత్రాన మొదటి పని బాగుపడదు.

ముందు కొలత సంగతి. ఎక్కువ ఇళ్లలో ఉన్నది మెకానికల్ మీటర్. నీళ్లు లోపలి చక్రాన్ని తిప్పితే డయల్ మీద అంకెలు కదులుతాయి. ధర తక్కువ, కరెంటు అక్కర్లేదు. చిక్కల్లా మన సరఫరాతోనే. రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో నీళ్లొచ్చే లైన్‌లో వాల్వ్ తిప్పగానే ముందు గాలి తోసుకొస్తుంది. ఆ గాలికి కూడా చక్రం తిరుగుతుంది. చుక్క నీరు రాకముందే లీటర్లు పడుతున్నాయన్న ఫిర్యాదు ఊహ కాదు.

ఇదే మీటర్ పాతబడితే కథ తిరగబడుతుంది. మట్టి చేరి, చక్రం అరిగి, సన్నటి ధారను లెక్కే వేయదు. అప్పుడు లాభం ఇంటివాళ్లకే. అల్ట్రాసోనిక్ మీటర్‌లో తిరిగే భాగం ఉండదు, నీటిలోంచి వెళ్లే ధ్వని తరంగాలతో వేగాన్ని పట్టుకుంటుంది. పైపు ఖాళీగా ఉంటే సాధారణంగా లెక్క ఆపేస్తుంది, సన్నటి ధారను మాత్రం వదలదు. కాబట్టి కొత్త మీటర్ పెట్టాక బిల్లు పెరిగితే అది ప్రతిసారీ మోసం కాకపోవచ్చు.

ఇక అంకెను చేర్చే పని. మీటర్ రీడర్ ఇంటికొచ్చి చూసి రాసుకోవడం పాత పద్ధతి. ఇంటికి తాళం ఉన్నా, గుంతలో బురద నిండినా సగటు బిల్లు వేస్తారు. అయినా దీంట్లో ఒక సుఖం ఉంది, తప్పు పడితే పిలిచి చూపించడానికి ఎదురుగా మనిషి ఉంటాడు.

రెండో రకంలో మీటర్‌కు చిన్న రేడియో పెడతారు. రీడర్ చేతి యంత్రంతో గల్లీలో నడిచిపోతే చాలు, రీడింగులు అందులోకి వచ్చేస్తాయి. తలుపు కొట్టే పని లేదు. ఖర్చుకు, ఫలితానికి మధ్య ఇరుకు గల్లీలకు ఇదే సరిపోతుందనిపిస్తుంది.

మూడోది మనిషి రాకుండానే రోజూ రీడింగ్ పంపేది. లోరా అయితే దాని కోసమే రిసీవర్లు పెట్టాలి, ఎన్‌బీ-ఐఓటీ అయితే మొబైల్ టవర్లనే వాడుకుంటుంది. రాత్రంతా నీళ్లు కారుతుంటే రోజుల్లోనే తెలిసిపోవడం దీని అసలు లాభం. అయితే ఇనుప మూత కింద, నీళ్లు నిండిన గుంతలో సిగ్నల్ బలహీనపడుతుంది. బ్యాటరీ అయిపోతే యూనిట్టే మార్చాల్సి రావచ్చు. పాత మీటర్‌కు పల్స్ సెన్సర్ తగిలించిన చోట, చక్రం తిరిగింది పదిసార్లయితే సెన్సర్ తొమ్మిదే లెక్కపెట్టే అవకాశమూ ఉంది. బిల్లులో అంకె, డయల్ మీద అంకె వేరైతే ముందు అనుమానించాల్సింది సెన్సర్‌నే.

మీటర్‌కు వాల్వ్ జోడిస్తే అది నీళ్లు ఆపగలదు కూడా. దక్షిణాఫ్రికాలోని సొవెటోలో ఫిరి బస్తీకి ప్రీపెయిడ్ మీటర్లు పెట్టారు. నెలకు 6 వేల లీటర్లు ఉచితం, అవి అయిపోతే డబ్బు కట్టేదాకా నల్లా బంద్. ఒకే ఆవరణలో ఎన్నో కుటుంబాలుండే చోట ఆ లెక్క సరిపోలేదు. జనం కోర్టుకెక్కారు, 2009లో రాజ్యాంగ న్యాయస్థానం నగరపాలక సంస్థ పక్షానే తీర్పిచ్చింది. గొడవ మీటర్ కొలత గురించి కాదు, మనిషికి ఎన్ని నీళ్లు లెక్కగట్టారన్నదాని గురించి.

ఏ మీటరున్నా ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. డయల్ మీద సాధారణంగా నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే వెయ్యి లీటర్ల లెక్క. ఎర్రవి అంతకంటే చిన్న కొలత. ఈ నెల నల్ల అంకెలోంచి పోయిన నెలది తీసేస్తే వాడకం తెలుస్తుంది. 20 దాటితేనే బిల్లు. నీళ్లొచ్చే టైంలో ఇంట్లోని నల్లాలన్నీ కట్టేసి, సంపులోకి వెళ్లే వాల్వ్ కూడా మూసి చూడండి. డయల్ మీది చిన్న చక్రం ఇంకా తిరుగుతుంటే మీటర్ తర్వాత ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. మీటర్ మార్చడానికి వస్తే పాతదాని చివరి రీడింగ్, కొత్తదాని సీరియల్ నంబర్ కనపడేలా ఫొటో తీసుకున్నాకే పాత మీటర్ తీసుకెళ్లనివ్వండి.