మడవ కట్టేవాడు లేని చేను
నరానికీ కండకూ నడుమ కబురు, పురుగుమందు చేసే చెరుపు



ప్రత్తి చేనికి మందు కొట్టడానికి పొద్దున పోయిన మనిషి, మధ్యాహ్నానికి గట్టు మీద కూలబడ్డాడనుకోండి. ఒళ్లంతా చెమట, నోటి వెంట చొంగ, కండలు అదురుతున్నాయి. పక్కవాళ్లు "ఎండదెబ్బరా, కాస్త మజ్జిగ పట్టండి" అంటారు. అది ఎండదెబ్బ కాకపోతే? మజ్జిగ పట్టించి నీడన పడుకోబెట్టిన ఆ గంటలోనే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఇవాళ మన ఒంట్లో నరం కండకు కబురెలా చెబుతుందో, ఆ కబురును పురుగుమందు ఎలా చెడగొడుతుందో చెప్పుకుందాం.

మీరు పార ఎత్తాలనుకుంటారు. మెదడు నుంచి వెన్నుపాము మీదుగా నరం వెంట ఆజ్ఞ చేతికి వస్తుంది. అయితే నరం కండను ముట్టుకోదు. రెండింటికీ నడుమ తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు పాటి సందు ఉన్నది. నరం కొస నుంచి ఆ సందులోకి ఒక రసాయనం ఊరుతుంది. దాని పేరు ఎసిటైల్‌కోలిన్. అది కండ మీది తలుపులు తట్టగానే కండ బిగుసుకుంటుంది, పార లేస్తుంది.

నరాలు రసాయనాలతో కబురు పంపుతాయని రుజువు చేసినవాడు ఆటో లోవీ. 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ఆయన ఒక కప్ప గుండెకున్న నరాన్ని ప్రేరేపించి, గుండె నెమ్మదించేటట్లు చేశాడు. ఆ గుండె మునిగి ఉన్న ద్రవాన్ని తీసి రెండో కప్ప గుండెకు పట్టిస్తే అదీ నెమ్మదించింది. ఈ విషయాల మీద పనిచేసినందుకు 1936లో ఆయనకూ, ఇంగ్లండులోని హెన్రీ డేల్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక అసలు సంగతి వినండి. మడికి నీరు పెట్టేటప్పుడు మడవ తీయడం ఎంత ముఖ్యమో, మడి తడవగానే మడవ కట్టడం అంత ముఖ్యం గదా! ఒంట్లోనూ అంతే. కబురు అందిన మరుక్షణమే దాన్ని చెరిపివేయాలి. ఆ పని చేసేది కోలినెస్టరేజ్ అనే ఎంజైము. అదే మన మడవ కట్టేవాడు. సెకనులో వెయ్యో వంతు కాలంలో ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టేస్తుంది. అందుకే బిగిసిన చెయ్యి మళ్లీ వదులవుతుంది.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఈ మడవ కట్టేవాడి చేతులు కట్టేస్తాయి. పురుగులో నరానికీ నరానికీ నడుమ నడిచే కబురు ఆగక, పురుగు గిలగిలలాడి చస్తుంది. అదే రసాయనం, అదే ఎంజైము మనిషిలోనూ ఉన్నాయి గనుక మందుకు పురుగని, మనిషని తేడా లేదు.

కబురు చెరగకపోతే కండలు ముందు అదురుతాయి, తరువాత అలసి చచ్చుబడతాయి. ఊపిరి తీసే కండలు చచ్చుబడితే ప్రాణాపాయమే. గ్రంథులకూ, పేగులకూ, కంటిపాపకూ కబురు మోసేది ఈ రసాయనమే. అందుకే చొంగ, కన్నీరు, చెమట, వాంతులు, విరేచనాలు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి గురక వస్తుంది. కంటిపాప సూదిమొనంత అవుతుంది. మందు కొట్టిన మనిషిలో ఇవి కనబడితే ఎండదెబ్బ అనుకొని కూర్చోకండి.

వెంటనే చేయవలసినది ఇది. తడిసిన బట్టలు విప్పేయండి. సబ్బు, నీళ్లతో ఒళ్లూ జుట్టూ కడగండి. కడిగేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. వాంతి చేయించకండి, చింతపండు పులుసు, పాలు, నూనె పట్టించకండి. మందు డబ్బాను వెంట తీసుకుపోండి. ఏ మందో తెలిస్తే వైద్యుడి పని తేలికవుతుంది.

ఆసుపత్రిలో అట్రోపిన్ ఇస్తారు. అది గుండె, ఊపిరితిత్తులు, గ్రంథుల దగ్గర ఆ తలుపులు మూస్తుంది. కండల దగ్గర పనిచేయదు గనుక ఒక్కోసారి శ్వాస యంత్రం పెట్టవలసి వస్తుంది. అట్రోపిన్ ఉమ్మెత్తలోనూ ఉంటుందని పసరు పోయకండి, అదీ విషమే. రోగి తేరుకున్నాడని తొందరపడి ఇంటికి తీసుకుపోకండి. ఒకటి నుంచి నాలుగు రోజుల లోపల మెడ కండలు, ఊపిరి కండలు మళ్లీ నీరసించవచ్చు.

ఇంకొక మాట. ఈ మందు నోటి ద్వారానే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. పోయిన ఎంజైము తిరిగి పూర్తిగా సమకూరడానికి వారాలు పడుతుంది. నిన్నటి నష్టం తీరకముందే నేటి మందు మీద పడితే, అలవాటైన మనిషి కూడా ఒకనాడు పడిపోతాడు. అందుచేత చేత్తో మందు కలపకండి, గాలికి ఎదురుగా కొట్టకండి, కారే ట్యాంకును వీపున వేసుకోకండి. డబ్బా మీది గుర్తులో కింది త్రికోణం ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే తీవ్ర విషం, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చైతే స్వల్పం.

ఖాళీ డబ్బాను ఇంట్లో వాడకండి. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. పరీక్షిస్తే వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు తేలింది.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. ఏ పురుగుకు ఏ మందో చెప్పినప్పుడు, ఆ మందు మనిషిని ఏం చేస్తుందో కూడా చెప్పండి. చేను పోతే వచ్చే కారుకు మళ్లీ వేసుకోవచ్చు. మనిషి పోతే ఆ ఇంటికి మళ్లీ రాడు.