శిక్ష ముగిసిన తరువాత

మన దేవరకొండకు ఒక మనుష్యుడు జైలునుండి తిరిగివస్తే, అతనికి ఇక ఏ హక్కూ లేదనుకుంటాము. మేస్త్రీ పనికి పిలువడు. ఆరాధనలో చాపమీద అతని ప్రక్క చోటు ఖాళీయే. ఇవి ఏ చట్టములోను వ్రాయబడలేదు.

చట్టమేమి చెప్పుచున్నది? జైలులో ఉండగా ఓటు వేయరాదు. విడుదలై, జాబితాలో పేరుంటే వేయవచ్చును. రెండేండ్లు, అంతకుమించి శిక్షపడితే, విడుదలైన తరువాత ఆరేండ్లవరకు ఎమ్మెల్యేగా పోటీచేయరాదు. మనలో ఆ ఆశ ఎందరికి!

అసలు చిక్కు సర్కారు నౌకరి దరఖాస్తు దగ్గర. శిక్షపడినదా అని అడిగితే దాచవద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదేమనగా, నిజము చెప్పినవానిని తీసికొని తీరాలని లేదు. కాని దాచినది బయటపడితే వచ్చిన నౌకరి పోవచ్చును. మరీ చిన్న నేరమైతే అధికారి ఉపేక్షించవచ్చును.

మరొక సంగతి చాలామందికి తెలియదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టముక్రింద, జైలుకు పంపక మంచి నడతపై విడిచిపెట్టబడినవానికి, ఆ నేరనిర్ణయమువలన కలుగు అనర్హత అంటదని 12వ సెక్షను చెప్పుచున్నది. నడతనుబట్టి యజమాని చర్య తీసికొనుట వేరు. మీ ఇంటివానికి అట్టి తీర్పు వచ్చియుంటే, కోర్టునుండి దాని నకలు తీసి భద్రపరచండి. దరఖాస్తు నింపేముందు వకీలుకు చూపించండి.